ఇంజన్ విప్పాక ఆయిల్ పైకెక్కాలంటే: కిక్కా, సెల్ఫా, సిరంజా?

పోయినేడాది ఎండాకాలంలో మా షెడ్డుకి ఒక పాత స్ప్లెండర్‌ని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. వేరేచోట బోరు కిట్ (సిలిండరు, పిస్టన్) మార్పించి, ఆయిల్ పంపు కూడా కొత్తది వేయించారట. నలభై కిలోమీటర్లు తిరిగేసరికి పైనుంచి టకటకమని మోత మొదలైంది, ఆ తర్వాత వేడెక్కి ఆగిపోయింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గీత దాకా నిండుగా ఉంది. రంగు కూడా తేనెలా కొత్తగానే ఉంది. ఇంజన్ పైనుండే ట్యాపెట్ మూత విప్పితే లోపలంతా పొడి. వాల్వులు తెరిపించే క్యామ్ మీద గీతలు పడ్డాయి, ఆ క్యామ్ నెట్టే రాకర్ ముఖాలు కాలి నీలం తిరిగాయి. కింద అంత ఆయిల్ పెట్టుకుని పైన దాహంతో పోయింది ఆ ఇంజన్.

బండి ఓనరు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆయిల్ నిండా పోశారు కదన్నా, మరి ఎందుకిట్టా?"

ఆయిల్ పోయడం వేరు, ఎక్కించడం వేరు. పంపు విప్పిన ఇంజన్‌కి ఆ రెండో పని చేయకుండా స్టార్ట్ చేస్తే చాలాసార్లు బాగానే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి ఇట్లా అవుతుంది. ఈ పనికి షెడ్లలో నాలుగైదు పద్ధతులున్నాయి. ఏది ఎప్పుడు పనికొస్తుంది, ఎక్కడ ఎదురు తిరుగుతుంది అన్నదే ఇక్కడ చెబుతున్నాను. నా లెక్కలో పద్ధతి కంటే ముఖ్యమైనది ఇంకొకటుంది: పైన ఆయిల్ కంటితో కనిపించాలి. కనిపించేదాకా బండి స్టార్ట్ కాకూడదు. పంపు గానీ పైభాగం గానీ విప్పితే, ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ ఒక్క షరతు మారదు.

పొడి పంపు ఎందుకు లాగదు

చేలో బావి మోటారు తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఫుట్‌వాల్వ్ కారిపోయి పైపు ఖాళీ అయితే మోటారు గిర్రున తిరుగుతుంది గానీ నీళ్ళు రావు. బిందెతో నీళ్ళు పోసి, గాలి పోయాక వేస్తే అప్పుడు ఎత్తుతుంది. బైక్ ఇంజన్‌లో పంపు దానికంటే కాస్త నయం. మన దగ్గర తిరిగే ఫోర్‌స్ట్రోక్ బండ్లలో ఎక్కువగా ఉండేది ట్రోకాయిడ్ పంపు. లోపల పూల రెక్కల్లాంటి రోటరు, దాని చుట్టూ ఒక రెక్క ఎక్కువున్న మరో రోటరు. రెండూ తిరుగుతుంటే మధ్యలో ఖాళీ పెద్దదవుతూ ఆయిల్‌ని లాగి, చిన్నదవుతూ బయటికి నెడుతుంది. బావి మోటారులా కాకుండా ఇది కొంతవరకు గాలిని కూడా లాగగలదు.

ఆ "కొంతవరకు" దగ్గరే ఉంది కిటుకు. రెండు రోటర్ల కొనల మధ్య సందు కొత్త పంపులో 0.15 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. హోండా చిన్న ఇంజన్లకు సాధారణంగా 0.20 దాటితే మార్చమంటారు. ఈ సందుని మూసేది ఆయిలే. ఆయిల్ పొర ఉంటే పంపు గట్టిగా లాగుతుంది, పొర లేకపోతే గాలి ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. పంపు పాతబడేకొద్దీ సందు పెరుగుతుంది, కాబట్టి అరిగిన పంపుని పొడిగా బిగిస్తే అసలు లాగకపోవచ్చు. కొత్త పంపు పొడిగా ఉన్నా లాగుతుంది, కాకపోతే ఆలస్యంగా. ఆ ఆలస్యం ఖర్చు కట్టేది మాత్రం క్యామ్, కనెక్టింగ్ రాడ్డు బేరింగు.

ఇంకో సంగతి కూడా తోడవుతుంది. మన కమ్యూటర్ బండ్లలో చాలావాటికి కార్లలోలా ఆయిల్ ప్రెషర్ లైటు ఉండదు. స్ప్లెండర్‌కి లేదు, పల్సర్ 150కి లేదు. పంపు పని చేయట్లేదని మీటర్ బోర్డు చెప్పదు. చప్పుడు చెబుతుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

బిగించేటప్పుడే పంపు నింపడం

దీన్ని మిగతా పద్ధతులతో పోల్చి ఇది కావాలా అది కావాలా అని అడగడమే తప్పు. పంపు చేతిలో ఉన్నప్పుడు దీన్ని చేయకపోవడానికి కారణమే లేదు. ఐదు నిమిషాల పని, ఖర్చు రెండు మూడు స్పూన్ల ఆయిల్.

పంపు విప్పి, రోటర్లు కడిగి, ఆరాక ఇంజన్‌లో పోయబోయే అదే ఆయిల్‌తో తడిపి బిగించాలి. తర్వాత లాగే రంధ్రంలో ఆయిల్ క్యాన్ మూతి పెట్టి పోస్తూ, షాఫ్టుని చేత్తో ఇంజన్ తిరిగే దిక్కులోనే తిప్పాలి. అవతలి రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చేదాకా తిప్పండి. చేతివేళ్ళకి ఒక రకమైన బరువు తెలుస్తుంది. పొడి పంపు గలగలా తిరుగుతుంది, నిండిన పంపు మెత్తగా ఎదురు నిలుస్తుంది. ఈ తేడా ఒకసారి తెలిస్తే మళ్ళీ మర్చిపోరు.

ఇందులో వచ్చే వాదన: ఆయిల్ పోయాలా, గ్రీజు పెట్టాలా, వ్యాసలీనా?

గ్రీజు వద్దు. బేరింగ్ గ్రీజులో ఉండే సబ్బు పదార్థం వేడి ఆయిల్‌లో పూర్తిగా కరగదు. ముద్దలుగా వెళ్ళి సన్నని రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. బైక్ హెడ్డుకి, అంటే ఇంజన్ పైభాగానికి, ఆయిల్ వెళ్ళే దారి అగ్గిపుల్ల పట్టేంత సన్నగా ఉండే చోట్లున్నాయి, అక్కడ ఈ ముద్ద చాలు.

వ్యాసలీన్ సంగతి వేరు. పాత రోవర్ వీ8 కారు ఇంజన్లలో గేరు పంపుని వ్యాసలీన్‌తో దట్టించి బిగించమని కంపెనీవాళ్ళే చెప్పేవారు. అది వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది, నిలవున్నన్నాళ్ళు కారిపోదు. బిగించిన ఇంజన్ నెలల తరబడి స్టార్ట్ కాకుండా ఉండబోతోందంటే ఇది మంచి దారే. ఇవాళ బిగించి సాయంత్రం స్టార్ట్ చేసే బండికి దాని అవసరం లేదు, మామూలు ఆయిల్ చాలు.

క్యామ్ లోబులకి (దాని మీదుండే ఉబ్బెత్తు భాగాలకి) మాత్రం హోండా వాళ్ళ పద్ధతి నాకిష్టం. సగం ఇంజన్ ఆయిల్, సగం మోలిబ్డినం గ్రీజు కలిపి పల్చగా రాయమంటారు. పంపు ఆయిల్ పంపేదాకా ఆ నల్లటి పొర లోబుని కాపాడుతుంది. పల్చగా అన్న మాట గుర్తుంచుకోవాలి. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. గరిటెలకొద్దీ పూస్తే క్లచ్ జారుతుంది.

క్యామ్ కింద చిన్న గుంటలుంటాయి. హెడ్డు మూత వేసేముందు ఆ గుంటలు నిండేలా ఆయిల్ పోయండి. కింద నుంచి ఆయిల్ వచ్చేలోపు లోబులు అందులో మునుగుతూ తిరుగుతాయి. దీన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

ప్లగ్ తీసి కిక్ కొట్టడం

మన షెడ్లలో అందరూ చేసేది ఇదే, అన్నిటికంటే తేలిక కూడా. ప్లగ్ తీసేస్తే కంప్రెషన్ ఉండదు. బేరింగ్ మీద బరువు పడకుండా ఇంజన్ తిరుగుతుంది, ఆయిల్ ఇంకా చేరని బిగ్ ఎండ్‌కి (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగుకి) అది చాలా మేలు. ప్లగ్ ఉంచి కిక్ కొట్టేవాళ్ళు ఈ లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు. పైగా అనుకోకుండా బండి స్టార్ట్ అయిపోవచ్చు.

లోపమేంటంటే ఒక్కో కిక్కుకి క్రాంక్ తిరిగేది కొన్ని చుట్లే. మధ్యలో కిక్ రాడ్డు పైకి వచ్చేలోపు పంపు ఆగుతుంది. పంపు ముందే నింపి ఉంటే ఇది సమస్య కాదు, ఎత్తిన ఆయిల్ అక్కడే నిలుస్తుంది. పొడి పంపు అయితే ఆ విరామంలో కొంత ఆయిల్ వెనక్కి జారుతుంది. ముప్పై నలభై కిక్కులు కొట్టి చెమటలు పట్టి, "ఇక ఎక్కే ఉంటుందిలే" అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. ఎక్కే ఉంటుంది అనే మాట షెడ్డులో నిషేధించాలి.

దీనికి ఒక చెల్లెలి పద్ధతుంది, కిక్కు కంటే నాకు అదే ఇష్టం. సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్ తీసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందు దిక్కుకి తిప్పాలి. వంద సీసీ బండ్లలో చక్రం ఒక్క చుట్టు తిరిగితే క్రాంక్ పది చుట్లకు పైనే తిరుగుతుంది. ఆగకుండా, నెమ్మదిగా, ఎంతసేపైనా తిప్పవచ్చు. చెయ్యి చైనుకీ స్పోకులకీ దూరంగా, టైరు మీదే ఉంచండి. వెనక్కి మాత్రం తిప్పొద్దు. వెనక్కి తిరిగితే పంపు ఆయిల్‌ని కింద వడగట్టే జాలీవైపు తోసేసి పైనుంచి గాలి లాగుతుంది, అప్పటిదాకా చేసిన పని గంగలో కలుస్తుంది. సెల్ఫ్ లేని బండికి, బ్యాటరీ డౌన్ అయిన బండికి, ఇంట్లో ఒక్కడే పని చేసుకునేవాడికి ఇంతకంటే మంచిది లేదు.

సెల్ఫ్‌తో తిప్పడం

వేగం కావాలంటే సెల్ఫే. ఆగకుండా తిప్పుతుంది కాబట్టి ఆయిల్ గబగబా ఎక్కుతుంది. ఇక్కడ మూడు జాగ్రత్తలున్నాయి, మూడూ డబ్బుతో ముడిపడినవే.

మొదటిది మోటారు. ఒకేసారి ఐదు సెకన్లకు మించి నొక్కొద్దని, మళ్ళీ నొక్కేముందు పది సెకన్లు ఆగమని హోండా పుస్తకాల్లో రాసి ఉంటుంది. మామూలు స్టార్టింగ్‌కే ఆ నియమం, ఇక ప్రైమింగ్‌లో, అంటే ఇట్లా ఆయిల్ ఎక్కించేటప్పుడు, పదేపదే నొక్కుతాం కాబట్టి మరీ పాటించాలి. నేనైతే నాలుగైదు సార్లు నొక్కాక రెండు నిమిషాలు వదిలేసి, మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తాను. చెయ్యి కాలితే ఆపేస్తాను.

రెండోది నిప్పు. ప్లగ్ తీశాక దాని క్యాప్ గాల్లో వేలాడుతుంటే కరెంటు పోయే దారి లేక సీడీఐకీ (నిప్పురవ్వని నడిపే డబ్బాకి) కాయిల్‌కీ దెబ్బ తగులుతుంది. ప్లగ్‌ని క్యాప్‌లోనే ఉంచి దాని ఇనుప భాగాన్ని ఇంజన్‌కి ఆనించండి, ప్లగ్ రంధ్రానికి దూరంగా. ఇంకా మంచిది ఇగ్నిషన్ కాయిల్ కనెక్టరు పీకేయడం. రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి వస్తుంటుంది, పక్కనే నిప్పురవ్వ ఎందుకు?

మూడోది పెట్రోలు. కార్బురేటర్ బండైతే ట్యాప్ కట్టేస్తే సరిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే. సెల్ఫ్ నొక్కిన ప్రతిసారీ ఇంజెక్టరు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. ఆ పెట్రోలు సిలిండరు గోడ మీద మనం రాసిన ఆయిల్‌ని కడిగేసి, రింగుల పక్కనుంచి కిందికి దిగి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. కొత్త బోరుకి ఇంతకంటే అన్యాయం లేదు. పెట్రోలు పంపు కనెక్టరు గానీ ఫ్యూజు గానీ తీసి, ఇంజెక్టరు కనెక్టరు కూడా పీకి, అప్పుడు తిప్పండి. "కిల్ స్విచ్ ఆపి తిప్పితే పోలా?" అంటారు. చాలా బండ్లలో కిల్ స్విచ్ ఆపితే సెల్ఫే తిరగదు.

ఒక మాట పక్కకి. కనెక్టర్లు పీకి కీ ఆన్ చేస్తే ఇంజన్ లైటు వెలిగి కోడ్ పడవచ్చు. బండి పాడైందని టెన్షన్ పడొద్దు. కనెక్టర్లు పెట్టాక కొన్ని బండ్లలో కొన్నిసార్లు తిరిగాక అదే పోతుంది, కొన్నిటికి స్కానరుతో తీయాలి. ముందే కస్టమరుకి చెప్పి ఉంచితే తర్వాత గొడవ ఉండదు.

సిరంజి, ఆయిల్ గన్

మెడికల్ షాపులో దొరికే యాభై ఎం.ఎల్. సిరంజి, ఒక మూర సన్నని పారదర్శక పైపు. ఇంతే సామాను. హెడ్డుకి వెళ్ళే ఆయిల్ పైపు బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ వెళ్ళే రంధ్రమున్న బోల్టు) దగ్గర గానీ, ఇంజన్ మీద ఆయిల్ దారిని మూసే బోల్టు దగ్గర గానీ పైపు తగిలించి ఆయిల్‌ని నెమ్మదిగా లోపలికి నెట్టాలి. పంపుతో సంబంధం లేకుండా క్యామ్‌కీ బేరింగ్‌కీ ఆయిల్ నేరుగా చేరుతుంది. ఎక్కడినుంచి నెట్టామన్నదాన్ని బట్టి కొంత ఆయిల్ వెనక్కి వెళ్ళి పంపుని కూడా తడుపుతుంది.

పంపు విప్పకుండా, బిగించి ఉన్నదాన్ని తడపాలంటే దీన్ని మించింది లేదు. ఆరునెలలు, ఏడాది మూలన పడున్న బండి లేపేటప్పుడు కూడా ఇదే నా మొదటి ఎంపిక. లోపమేంటంటే ఏ దారి ఎక్కడికి వెళ్తుందో తెలిసి ఉండాలి. తెలియకుండా ఏదో రంధ్రంలో నెడితే ఆయిల్ క్రాంక్‌కేసులోకి జారిపోతుంది, మనం పని అయిందనుకుంటాం. సిరంజిని ఇదివరకు దేనికీ వాడకుండా కొత్తది తీసుకోండి. దుమ్ము ఒక్క రేణువు ఉన్నా జాలీ దాటేసిన చోట దాన్ని మనమే ప్రవేశపెట్టినట్టు.

కంప్రెసర్ గాలితో ఆయిల్‌ని నెట్టే గన్‌లు పెద్ద వర్క్‌షాపుల్లో వాడతారు. ఇంట్లో, చిన్న షెడ్డులో బైక్ కోసం ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను. గాలి ఒత్తిడి ఎక్కువైతే చిన్న ఓ-రింగులు (సందులు మూసే రబ్బరు రింగులు) పక్కకి జరిగే ప్రమాదం కూడా ఉంది. ఇక డ్రిల్లు పెట్టి పంపు తిప్పడం కార్ల పాత వీ8 ఇంజన్లకు పుట్టిన పద్ధతి. అక్కడ డిస్ట్రిబ్యూటరు తీస్తే పంపు షాఫ్టు పైనుంచి అందుతుంది. బైకులో అందదు. అందినా డ్రిల్లు తిరిగే దిక్కు తప్పితే గాలి లాగుతుంది. వదిలేయండి.

నేరుగా స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలేయడం

"ఏం కాదన్నా, స్టార్ట్ చేస్తే అదే ఎక్కుతుంది." ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆయిల్ మార్చడం ఒక్కటే జరిగితే ఇదే సరైన పద్ధతి. పాత ఆయిల్ తీసినా పంపు గదిలో, దారుల్లో తడి ఉంటుంది, కొన్ని సెకన్లలో ఎక్కేస్తుంది. ఫిల్టరు మార్చినా అంతే, కాస్త ఎక్కువ సేపు పడుతుంది.

పంపు విప్పినప్పుడు ఇది జూదం. గెలిస్తే ఐదు నిమిషాలు మిగులుతాయి. ఓడితే క్యామ్, రాకర్లు, ఒక్కోసారి హెడ్డే పోతుంది. అంత తక్కువ లాభానికి అంత నష్టం ఒడ్డే ఆట ఎందుకాడతారో నాకర్థం కాదు.

ఏ పనికి ఏది

క్లచ్ ప్లేట్లు మార్చడానికి కుడివైపు కవరు విప్పారు, పంపు ముట్టుకోలేదు. స్ప్లెండర్ లాంటి బండ్లలో క్రాంక్ చివర తిరిగే గిన్నె లాంటి ఫిల్టరు ఉంటుంది, దాన్ని కడిగి ఆరబెట్టి ఉంటారు. దాన్ని నింపడానికి పంపుకి కాస్త సమయం కావాలి. ప్లగ్ తీసి పదిహేను ఇరవై కిక్కులు, తర్వాత స్టార్ట్. చాలు.

హెడ్డు, బోరు పని జరిగింది, పంపు కిందే ఉంది. పంపు తడిగానే ఉంటుంది గానీ పైదారి ఎండిపోయింది. క్యామ్ గుంటల్లో ఆయిల్ పోయడం ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. తర్వాత వెనక చక్రం పద్ధతి, లేదా సెల్ఫ్.

పంపు విప్పారు, కొత్తది వేశారు, లేదా ఇంజన్ మొత్తం రెండుగా చీల్చారు. బిగించేటప్పుడే నింపడం తప్పనిసరి. ఆపై చక్రం తిప్పి గానీ సెల్ఫ్‌తో గానీ పైకెక్కించడం. కిక్కు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఈ పనిలో ఆయిల్ కొలత కూడా మారుతుంది. కంపెనీ పుస్తకంలో రెండు లెక్కలుంటాయి: ఆయిల్ మార్చినప్పుడు ఒకటి, ఇంజన్ విప్పినప్పుడు దానికంటే ఎక్కువగా ఇంకొకటి. మామూలు సర్వీసు లెక్కతో పోసి వదిలేస్తే విప్పిన ఇంజన్‌కి తక్కువ పడుతుంది.

నెలల తరబడి నిలబడిన బండికి సిరంజి, తర్వాత చక్రం.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళకి విడిగా రెండు మాటలు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఆయిల్ నిలవుండే గది క్రాంక్‌కేసులోనే విడిగా ఉంటుంది, పంపు రోటర్లది కాదు, ప్లంజర్లు అటూ ఇటూ ఊగే రకం. టైమింగ్ కవరులో ఉండే ఫిల్టరు గది ఖాళీ అయితే ముందు దాన్ని నింపాల్సిందే, లేకపోతే పంపు ఆ గది నిండేదాకా బేరింగ్‌కి ఏమీ పంపలేదు. ఎక్కిందో లేదో చూడటానికి రాకర్లకి వెళ్ళే పైపు బాంజో బోల్టు వదులు చేసి, ప్లగ్ తీసి కిక్ కొట్టి చూడటం పాత మెకానిక్‌ల అలవాటు, మంచి అలవాటు. ఆ బండ్లు కొన్ని వారాలు నిలబడితే గదిలో ఆయిల్ పంపు సందుల్లోంచి జారి క్రాంక్ కిందికి చేరుతుంది కూడా. డిప్‌స్టిక్‌లో ఆయిల్ తగ్గిందని పైన పోసేస్తారు. స్టార్ట్ చేశాక పొగే పొగ.

తర్వాత వచ్చిన యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేరుబాక్సు ఒకే కేసులో ఉండే రకం) బుల్లెట్, క్లాసిక్ బండ్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లుంటాయి. వాటి కడుపులో కూడా ఆయిల్ ఉండాలి. విప్పినప్పుడు బల్ల మీద పడుకోబెట్టి పెడితే ఆయిల్ కారిపోతుంది. శుభ్రమైన ఆయిల్ గిన్నెలో నిలువుగా ముంచి ఉంచి, అలాగే తీసి బిగించండి. అయినా స్టార్ట్ చేశాక కాసేపు టిక్‌టిక్ వినిపించవచ్చు. హెడ్డుకి ఆయిల్ వస్తోందని కంటితో చూసి ఉంటే ఆ చప్పుడుకి కంగారు పడాల్సిన పని లేదు, ట్యాపెట్లు నిండగానే పోతుంది. చూడకపోతే మాత్రం ఆ టిక్‌టిక్ ట్యాపెట్‌దో ఎండిన క్యామ్‌దో మీకు తెలియదు.

కంటితో చూడటం ఎలా

పైన ఎక్కడో ఒక మూత గానీ బోల్టు గానీ ఉంటుంది. ట్యాపెట్ మూత తీసి, ప్లగ్ లేకుండా తిప్పుతుంటే రాకర్ల దగ్గర ఆయిల్ మెరుస్తూ ఊరడం కనిపిస్తుంది. టార్చిలైటు వేయండి, ముందు పోసిన ఆయిల్‌ని చూసి మోసపోకండి. గుంటలో నిలిచింది కదలదు, కొత్తగా వచ్చేది కారుతూ ఉంటుంది. అనుమానంగా ఉంటే గుడ్డతో ఒక చోట తుడిచి మళ్ళీ తిప్పండి.

యమహా ఫోర్‌స్ట్రోక్ బండ్లలో చాలావాటికి హెడ్డు మీద ఆయిల్ దారి బోల్టు ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేసి, ఇంజన్ ఐడిల్‌లో నడిపి, బోల్టు దగ్గర ఆయిల్ ఊరుతుందేమో చూడమని వాళ్ళ సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. ఒక నిమిషంలో రాకపోతే ఇంజన్ ఆపేయమంటుంది. నేను దాన్నే కొంచెం మార్చి ముందు స్టార్ట్ చేయకుండా సెల్ఫ్‌తోనే ఆ ఊట చూసుకుంటాను, తర్వాతే స్టార్ట్ చేసి ఇంకోసారి చూస్తాను. బోల్టుని చివరికి టార్క్ రెంచితో బిగించాలి, అల్యూమినియం మర తేలిగ్గా పోతుంది.

ఎంత తిప్పినా రాకపోతే

ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువ సేపు తిప్పడం జవాబు కాదు. ఎక్కడో గాలి లాగుతోంది, లేదా దారి మూసుకుంది. కవరు మళ్ళీ విప్పాలి. బాధగానే ఉంటుంది.

నేను చూసినవాటిలో ఎక్కువసార్లు తప్పు ఓ-రింగుది. పంపుకీ క్రాంక్‌కేసుకీ మధ్య ఉండే చిన్న రింగు పాతదే పెట్టేస్తారు, గట్టిపడి సందు వదులుతుంది. ఒక్కోసారి అసలు పెట్టడమే మర్చిపోతారు, పాత పంపుకి అంటుకుని చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది. తర్వాతది ప్యాకింగ్. సిలిండరు కింద ప్యాకింగ్ తిరగేసి పెడితే ఆయిల్ రంధ్రం మూసుకుపోయే బండ్లున్నాయి. పెట్టేముందు ప్రతి రంధ్రం ఎదురుగా రంధ్రం ఉందో లేదో వేలితో తడిమి చూడండి. మూడోది సిలికాన్ గమ్. లీకు భయంతో లావుగా పూస్తే, బిగించినప్పుడు లోపలికి పిండుకుని తీగలు తీగలుగా జాలీకి చుట్టుకుంటుంది. గమ్ అవసరమైన చోట కూడా పల్చని గీత చాలు, ప్యాకింగ్ ఉన్న చోట చాలాసార్లు ఏదీ అక్కర్లేదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే పంపు తిప్పే గేరు, దాని పిన్ను, లాకు చూడండి. పంపు అసలు తిరుగుతోందా అన్నది అన్నిటికంటే ఆఖరున గుర్తొచ్చే ప్రశ్న.

మొదట్లో చెప్పిన స్ప్లెండర్‌లో దొరికింది ఓ-రింగే. రెండు ముక్కలై ఉంది. దానికి పంపుని ఎంత నింపి బిగించినా కాసేపటికి గాలి లాగేది. కానీ ఆ మెకానిక్ ట్యాపెట్ మూత తీసి ఒక్కసారి చూసుంటే అదే రోజు, అదే బల్ల మీద దొరికేది.

స్టార్ట్ చేశాక

పైన ఆయిల్ చూశారు, ప్లగ్ బిగించారు, కనెక్టర్లు పెట్టారు. ఇప్పుడు స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచండి. పక్కన నిలబడ్డ కుర్రాడు చేత్తో యాక్సిలేటరు మెలిపెట్టి "సౌండ్ చూద్దామన్నా" అంటాడు, వాడి చెయ్యి పక్కకి తీయండి. ఆపాక బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉంచి, రెండు మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. హోండా రకం బండ్లలో దాన్ని మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. ఫిల్టరు, దారులు నిండటానికి పోయిన ఆయిల్ వల్ల మట్టం తగ్గి ఉంటుంది, కొంచెం కొంచెంగా పోసి పై గీత దగ్గర ఆపండి. మిగిలింది డబ్బాలో ఎందుకని మొత్తం ఒంపేయకండి, పై గీత దాటితే బ్రీదర్ పైపులోంచి ఎయిర్ ఫిల్టరులోకి కక్కుతుంది.

మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, పైనుంచి వచ్చే చప్పుడు మొదటి పది సెకన్లు వినండి. రాత్రంతా దారుల్లో ఆయిల్ నిలిచి ఉంటే టకటక ఉండదు, ఉన్నా వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా సాగుతుంటే మళ్ళీ ట్యాపెట్ మూత విప్పి టార్చి వేయండి.